ప్లాస్మా వెనక్కి తిరిగిన రోజులు

ఆ రోజుల్లో భయపడటానికి నాకు ప్రత్యేకంగా కారణం అక్కర్లేదు. మా గైడు గారు తుమ్మినా నా పీహెచ్‌డీ సీటు ఊడిందనే అనుకునేదాన్ని. ఆర్.కె. పురంలో పిన్ని వాళ్ళ క్వార్టర్లో ఉంటూ, మెట్రోలూ బస్సులూ మారి గ్రేటర్ నోయిడాలోని ల్యాబుకు వెళ్ళేదాన్ని. అక్కడ మాకొక చిన్న టోకమాక్ ఉండేది. గారె ఆకారంలో ఉక్కు గొట్టం, దాని లోపల సూర్యుడిలా మండే ప్లాస్మా (మాది బుల్లి సూర్యుడు, రెప్పపాటులో ఆరిపోయేవాడు). ఆ ప్లాస్మా అలల్లా ఊగుతూ గొట్టంలో గుండ్రంగా తిరుగుతుంది. గొట్టం చుట్టూ తీగచుట్టలు అమర్చి, అల ముందు దేన్ని దాటిందో చూస్తే అది ఎటు తిరుగుతోందో తెలుస్తుంది. ఆ చుట్టలు బిగించి అంకెలు వేసింది నేనే. తీరా చూస్తే మా సీనియర్లందరి ప్లాస్మా ఒకవైపు, నాది దానికి ఎదురు! గైడు గారు కుర్చీలోంచి లేచి "అరే వాహ్, యే తో నయా హై!" అన్నారు. నేను గాల్లో తేలాను. ఆ కొత్త సంగతే కమిటీ ముందు చెప్పాలి. వాళ్ళు ఒప్పుకుంటే చదువు సాగుతుంది, లేకపోతే పెట్టె సర్దుకోవడమే.

కమిటీ రోజు పొద్దున్నే పిన్ని నన్ను గుడికి లాక్కెళ్ళింది. ప్రదక్షిణ చేస్తున్నాను గానీ నోట్లో దేవుడి పేరు లేదు, "ఒకటో చుట్ట, రెండో చుట్ట" అని అప్పజెప్పుకుంటున్నాను. ఉన్నట్టుండి కాళ్ళు ఆగిపోయాయి. ఆ అంకెలు వేసిన రోజున కూడా నేను ఇలాగే నడిచాను, యంత్రాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని! మా ల్యాబు ఆనవాయితీ ఏమో ఎడమచేతి వైపు. తిరగబడింది ప్లాస్మా కాదు, నా అంకెలు.

"ఏమేవ్, నడవ్వే, వెనకాల జనం ఆగిపోయారు!" అంది పిన్ని.

"పిన్నీ, నా సీటు పోయింది."

"గుళ్ళో అవేం మాటలే!" అని నెత్తిన ఒక్కటి మొట్టింది.

బస్సులో ఎన్నిసార్లు ఫోన్ చేసినా గైడు గారు ఎత్తలేదు. కమిటీ గది గుమ్మంలో దొరికితే, అంతా చెప్పేశాను. ఆయన మొహం పాలిపోయింది. లోపల ఒక పెద్దాయన నేను చెప్పిందంతా విని, "కైసే పతా చలా, బేటీ?" అని, తప్పు ఎలా తెలిసిందో అడిగారు. "మందిర్ మే, సర్" అన్నాను. గది గొల్లుమంది. "అచ్ఛా, మషీన్ కీ పరిక్రమా కర్ దీ!" అని నేను యంత్రానికి చేసిన ప్రదక్షిణకు నవ్వి నవ్వి ఆయన కళ్ళు తుడుచుకుని, లెక్కలన్నీ మళ్ళీ చేసుకురమ్మని నన్ను ఉండనిచ్చారు.

ఇప్పుడు నా చుట్టల అంకెలన్నీ సరిగ్గానే ఉంటాయి, ప్లాస్మా అందరిదీ తిరిగే వైపే తిరుగుతుంది, దాన్ని చూసి ఎవరూ కుర్చీలోంచి లేవరు. గుడిలో కుడివైపు తిరిగినప్పుడల్లా ప్రదక్షిణ మధ్యలో బిక్కచచ్చి ఆగిపోయిన అప్పటి ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. కొంచెం అసూయ కూడా వేస్తుంది. ఎవరూ చూడనిది తనే చూశానని నమ్మి, ఆ పిల్ల కొన్నాళ్ళు ఎంత సంతోషంగా ఉందో!