పద్దెనిమిది బంతుల్లో ముగ్గురు బౌలర్లు

తెలివితక్కువ పని చేసి దెబ్బతిన్నవాళ్ల కథలు మీరు చాలా విని ఉంటారు. తెలివితక్కువ పని చేసి, దానికి దండ వేయించుకుని, ఆ దండ బరువుకు మెడ విరిగినవాడి కథ విని ఉండరు. ఆ మహానుభావుణ్ణి నేనే. నా పెద్దరికం పుణ్యమా అని ఒక మనిషికి కన్నకొడుకును చూసే అవకాశం పద్దెనిమిది బంతుల్లో గంగపాలు కాబోయింది. ఇప్పుడు మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం ఆ రోజు నవ్వు రాలేదు.

గల్ఫ్ యుద్ధం ముగిశాక రెండో చలికాలం. సౌదీలో, కువైటు సరిహద్దున ఉన్న ఖఫ్జీలో కూలిన గోదాములూ ప్రహరీలూ తిరిగి కట్టే కంపెనీలో నేను టైమ్‌కీపర్ని. ఎవడు ఎన్నింటికి పనిలోకి దిగాడో రాసుకోవడం నా ఉద్యోగం. మిగతావాళ్లు సిమెంటు మోస్తుంటే నేను పెన్ను మోసేవాణ్ణి. వయసు ఇరవై అయిదు. నాకు తెలియని విషయం ఏదైనా ఉందంటే అది తెలుసుకోదగ్గ విషయం కాదని గట్టిగా నమ్మే వయసు.

మా క్యాంపు మేనేజరు అమెరికా ఆయన. మంచివాడే కానీ బేస్‌బాల్ పిచ్చి. సున్నంతో ఇసుకలో గీతలు గీయించి, కంచె పక్కన మైదానం చేయించాడు. కంచె అవతల ఇంకా పేలని మందుగుండు ఏరుతున్నారు కాబట్టి అటు పోయిన బంతిని ఎవరూ వెతకరు. మూడు జట్లు కట్టించాడు. ఫిలిప్పీన్స్ ఎలక్ట్రీషియన్లది ఒకటి, పాకిస్తానీ డ్రైవర్లది ఒకటి, తాపీపనివాళ్లం, పెయింటర్లం, వెల్డర్లం అయిన తెలంగాణవాళ్లది ఒకటి. డ్రైవర్లకు శుక్రవారాలు కూడా ట్రిప్పులు పడడంతో తప్పుకున్నారు. అలా మేము ఎవరినీ ఓడించకుండానే ఫైనల్‌కు చేరాం. ఎలక్ట్రీషియన్లు చిన్నప్పటి నుంచీ ఆ ఆట ఆడినవాళ్లు. మేము చిన్నప్పటి నుంచీ దాని పేరు కూడా విననివాళ్లం.

సరదాకైతే ఓడిపోయినా పర్వాలేదు. కానీ మేనేజరు ఒక మాట అన్నాడు. యుద్ధం మొదలైన దగ్గర్నుంచీ మా సెలవులు ఆగిపోయి ఉన్నాయి. ఇప్పుడు ఒక్కొక్కరినే వదులుతామని మా వీసాలకు జామీనైన అరబ్బు యజమాని, కఫీల్, ఒప్పుకున్నాడట. గెలిచిన జట్టు ఎవరి పేరు చెబితే వాడు ఊరెళ్లి తిరిగి రావడానికి కావాల్సిన ఎగ్జిట్ రీ-ఎంట్రీ కాగితం మర్నాడే కఫీల్ బల్ల మీద ఉంటుంది. ఓడిన జట్టువాడు మూడు నెలలు ఆగాలి.

ఎవరి పేరు చెప్పాలో మాలో ఎవరికీ అనుమానం లేదు. రాజమల్లన్న. తాపీపనిలో కూలీగా వచ్చాడు. భార్యకు అయిదో నెలప్పుడు విమానం ఎక్కాడు, వెనకే యుద్ధం వచ్చింది. కొడుకు పుట్టాడు, పాకాడు, నడిచాడు, ఇవన్నీ ఆయనకు కాగితాల మీదే జరిగాయి. ఇంటినుంచి వచ్చిన టేపులో తల్లి "బాపు అను బిడ్డా, బాపు అను" అని బతిమాలుతుంది, వాడు మాత్రం అనడు. వాడు ఊపిరి పీల్చిన చప్పుడు ఒకటి వినిపిస్తుంది. రాజమల్లన్న ఆ చప్పుడు దగ్గరికి టేపును వెనక్కి తిప్పి తిప్పి వినేవాడు. మాట పెద్దగా మాట్లాడే మనిషి కాదు. 

అలాంటి మనిషిని ఇంటికి పంపే పని, అంటే జట్టుకు క్యాప్టెన్ పదవి, నా చేతిలో పెట్టారు. ఎందుకంటారా, నేను జగిత్యాలలో రబ్బరు బంతి క్రికెట్లో మూడేళ్లు ఆడాను, పైగా ఇంగ్లీషు వచ్చు. గుడ్డివాళ్ల ఊళ్లో ఒంటికన్నువాడు రాజయితే, నేను ఆ ఒక్క కన్నూ మూసుకుని మరీ సింహాసనం ఎక్కాను.

ఫైనల్ అంటే మూడు శుక్రవారాలు మూడు ఆటలు. ఎవరు రెండు గెలిస్తే వాళ్లది కప్పు. ఏ ఆటలో బంతి విసరడం ఎవడు మొదలుపెడతాడో ముందే రాసి ఇవ్వాలి. ఒక ఆట మొదలుపెట్టినవాడు ఇంకో ఆట మొదలుపెట్టకూడదు. అంటే నాకు ముగ్గురు కావాలి.

ఎంపిక పెట్టాను. ఒక గోడ మీద సున్నంతో చతురస్రం గీసి అందరిచేతా విసిరించాను. వెల్డరు గంగారాం ఇరవై అడుగులు పరుగెత్తుకొచ్చి విసిరితే గోడ అదిరింది. రాసుకున్నాను. పెయింటరు భూమన్న విసిరితే బంతి గీత లోపలా పడలేదు, బయటా పడలేదు, అసలు గోడకే తగల్లేదు, వేగం మాత్రం బ్రహ్మాండం. రాసుకున్నాను. తరువాత రాజమల్లన్న వచ్చాడు. కదలకుండా నిలబడి, చెయ్యి మోకాలి దగ్గరికి దించి, కింది నుంచి పైకి ఒక ఊపు ఊపాడు. బంతి తాపీగా లేచి చతురస్రం మధ్యలో తగిలింది. మళ్లీ విసిరాడు, మళ్లీ అక్కడే. పదిసార్లు పదీ అక్కడే.

నేను పగలబడి నవ్వాను. "ఏంది రాజమల్లన్నా, కోళ్లకు నూకలేస్తున్నవా?"

"నాకు గిట్లనే అత్తది తమ్మీ," అన్నాడు. "పొద్దంత గిదే పనాయె."

నిజమే. పొద్దంతా ఆయన పని అదే. కింద నిలబడి పరంజా మీదున్న లచ్చన్నకు ఇటుకలు విసరడం. లచ్చన్న ఆయన ఊరివాడే, వరసకు అల్లుడు. మామ విసిరిన ఇటుక రెండంతస్తులు లేచి అల్లుడి చేతుల్లో వాలేది. లచ్చన్న కిందికి చూసేవాడు కూడా కాదు, పక్కవాడితో కబుర్లు చెబుతూనే పట్టుకుని పక్కన పేర్చేవాడు. రోజూ నా కళ్లముందే జరిగేది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నేను ఆ పెరటి చెట్టును పీకి, బంతి ఎప్పుడూ పోని మూల చూసి మైదానం చివర నాటాను. లచ్చన్నను మాత్రం పట్టడం వచ్చు కదా అని బ్యాటువాడి వెనక కూర్చోబెట్టాను. అంటే వంతెనలో సగం కట్టి మిగతా సగం వద్దన్నానన్నమాట.

మొదటి ఆటకు గంగారాం, రెండో ఆటకు భూమన్న. మరి అసలైన మూడో ఆటకు? ఎంతో ఆలోచించాను. జట్టులో బుర్ర ఉన్నవాడు ఎవడా అని చూస్తే ఒక్కడే కనిపించాడు. నా పేరు రాసుకున్నాను.

మొదటి శుక్రవారం గంగారాం ఇరవై అడుగులు కొలుచుకుంటుంటే మేనేజరు ఆపాడు. ఈ ఆటలో పరుగు లేదట, నిలబడిన చోటి నుంచే విసరాలట. పరుగు లేని గంగారాం చెరువు లేని చేపే. నాలుగో ఇన్నింగ్సుకు చెయ్యి వాలిపోయింది, ఓడిపోయాం. రెండో శుక్రవారం భూమన్న బంతి ఎటుపోతుందో ఆయనకే తెలియదు కాబట్టి ఎలక్ట్రీషియన్లకూ తెలియలేదు. ఆయన చెయ్యీ చివరికి వాలిపోయింది కానీ ఎలాగో ఒక్క పరుగుతో గట్టెక్కాం. ఆటలు సమానమయ్యాయి. ఆ సాయంత్రం రాజమల్లన్న పెట్టె కిందికి దించి, అందులో బట్టలు దులిపి మళ్లీ సర్దుకున్నాడు. నేను చూశాను. నా మీద ఎంత నమ్మకమో అని ఛాతీ పొంగింది.

అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. ఒక్కడి చేత ఆటంతా విసిరిస్తే చెయ్యి వాలక ఏమవుతుంది? క్రికెట్లో ఎంత గొప్పవాడైనా ఆరు బంతులు వేసి పక్కకు తప్పుకుంటాడు. ఇంకొకడు ఆరు వేస్తాడు, ఈలోగా మొదటివాడికి విశ్రాంతి. ఇంత చిన్న సంగతి అమెరికావాళ్లకు ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదో అని జాలిపడ్డాను.

మూడో శుక్రవారం. నేను ఆరు బంతులు వేశాను. అందులో ఒకదాన్ని పొడుగాటి ఎలక్ట్రీషియన్ ఒకతను మందుపాతర్ల పాలు చేశాడు. పర్వాలేదు. బంతిని హుందాగా గంగారాంకు అందించాను. మేనేజరు నా వంక వింతగా చూసి పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. గంగారాం ఆరు వేసి భూమన్నకు ఇచ్చాడు. మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. భూమన్న ఆరు వేసి, బంతిని మేనేజరు చేతికిచ్చి పక్కకు తప్పుకున్నాడు. మొదటి ఇన్నింగ్సు ఇంకా ముగియలేదు, వాళ్లకు నాలుగు పరుగులు వచ్చాయి. నేను చేతులు దులుపుకుంటూ బంతి కోసం వెళ్లాను.

"నువ్వెందుకు వచ్చావు?" అన్నాడు మేనేజరు.

"నా వంతు వచ్చింది సార్."

"నీ వంతు అయిపోయింది. బంతి వదిలేసినవాడు ఆ రోజు మళ్లీ విసరకూడదు."

"మరి గంగారాం?"

"గంగారాం కూడా."

భూమన్న సంగతి అడగనక్కర్లేదు, ఆయనా బంతి వదిలేశాడు. ఆ రూలు నోటీసు బోర్డు మీద ఉంది. ఆ కాగితాన్ని అంటించింది నేనే. అంటించడానికి జిగురు కావాలి కానీ చదవడం అక్కర్లేదు కదా.

ఏరు దాటాక తెప్ప తగలేసినవాళ్లను చూశాం. నేను ఏటి నడుమ నిలబడి ఉన్న మూడు తెప్పలూ తగలేశాను. గంగారాం నా దగ్గరికొచ్చి చాలా మర్యాదగా, "క్యాప్టెన్ సాబ్, ఇప్పుడేం జేద్దాం?" అన్నాడు. తిట్టినా బాగుండేది. దూరంగా మైదానం చివర రాజమల్లన్న ఏం జరిగిందో తెలియక, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని మా వైపు చూస్తున్నాడు.  ఆ పిల్లవాడు ఇంకో మూడు నెలలు టేపులో ఊపిరి పీలుస్తూ ఉండాల్సిందేనా అనిపించి నిజంగా ఏడుపొచ్చింది.

బ్యాటువాడి వెనక కూర్చున్న లచ్చన్న లేచాడు. "మామకియ్యిండ్రి," అన్నాడు. అంతే, మళ్లీ కూర్చున్నాడు.

ఇవ్వక ఏం చేస్తాను? రాజమల్లన్న వచ్చి, బంతిని ఇటుకలా రెండు చేతులా పట్టుకుని బరువు చూశాడు. చెయ్యి కింది నుంచి తిప్పితే ఒప్పుకుంటారా అని అడిగాను. ఎటు నుంచి తిప్పినా రూలుకు అభ్యంతరం లేదన్నాడు మేనేజరు.

మొదటి బంతి తాపీగా లేచింది. పద్దెనిమిది వేగం బంతులకు అలవాటు పడ్డ ఎలక్ట్రీషియన్ అది సగం దూరం రాకముందే బ్యాటు ఊపేశాడు. ఊపి, ఒళ్లు తిరిగి, కూలబడ్డాడు. బంతి అప్పుడు నింపాదిగా వచ్చి లచ్చన్న చేతుల్లో పడింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఈ ఆటలో మూడు తప్పితే ఔటు. తరువాత వచ్చినవాడు ఆగి చూద్దామనుకున్నాడు. ఆగితే బంతి సరిగ్గా నడుం ఎత్తున గీతల మధ్య నుంచి పోయింది, అదీ తప్పిన లెక్కే. ఊపినా ఔటే, ఊపకపోయినా ఔటే.

బంతి విసరడమే మాకు నిషేధం, బ్యాటు పట్టడం కాదు. కసి మీదున్న గంగారాం ఒకసారి కంచె దాటించాడు. భూమన్న ఒకటి, మిగతావాళ్లు తలా కాస్తా కొట్టి, ఆరో ఇన్నింగ్సుకు వాళ్ల నాలుగు మీద అయిదు పరుగులు చేశాం. అక్కడ రోజంతా ఇటుకలు విసిరే చెయ్యి అలుపెరగలేదు. అలిసిందల్లా గీత బయట నిలబడి గోళ్లు కొరుక్కుంటున్న నా నోరే.

మా లెక్కలో ఏడో ఇన్నింగ్సే ఆఖరు. ఇంకొక్కడు ఔటయితే చాలు. కానీ వాళ్లవాళ్లు ఇద్దరు సగం దూరం వచ్చి పరుగు పూర్తిచేయడానికి సిద్ధంగా నిలబడ్డారు, బ్యాటు పట్టుకుని నన్ను కంచె దాటించిన పొడుగువాడు వచ్చాడు. వాడు రెండుసార్లు ఊపాడు, రెండూ తగల్లేదు. మూడోదానికి ముందు లచ్చన్న పరంజా మీద నుంచి చెప్పినట్టే చెప్పాడు. "మామా, జెర మీదికి."

రాజమల్లన్న తలూపాడు. బంతి ఎప్పటికన్నా జానెడు ఎక్కువ లేచింది. పొడుగువాడు ఆగాడు, ఇంకా ఆగాడు, ఇక ఆగలేక ఊపాడు. బ్యాటు బంతి కిందినుంచి పోయింది. లచ్చన్న పట్టుకుని, అలవాటు చొప్పున దాన్ని పక్కన పేర్చబోయాడు. మేము పరుగెత్తి వాళ్లిద్దరి మీదా పడ్డాం. గెలిచాం. అంత గట్టిగా నేను జీవితంలో ఎప్పుడూ అరవలేదు.

మేనేజరు అందరినీ తోసుకుంటూ నా దగ్గరికొచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఈ ఆట చూస్తున్నాడట, ఇలాంటి ఎత్తు ఎక్కడా చూడలేదట. ముగ్గురు వేగంవాళ్లను పారేసి, ఎదుటివాళ్ల చేతులను చెడగొట్టి, అసలువాణ్ణి మూలన దాచిపెట్టడం మామూలు బుర్ర చేసే పని కాదట. నేను కాదన్నానా? ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని తల వంచాను. మెడలో ఎవరో దండ వేశారు.

పదిరోజుల్లో రాజమల్లన్న కాగితాలు వచ్చేశాయి. దహ్రాన్ విమానాశ్రయానికి వెళ్లే బండి ఎక్కేముందు ఆయన రెండు చేతులూ పట్టుకుని, "అన్నా, అది ప్లాను గాదే. రూలు తెల్వక జేసిన," అని చెప్పేశాను.

"నాకెరుకనే తమ్మీ," అన్నాడు. "నీ మొఖం అప్పుడే జూసిన. ఏడుస్తున్నవని మనసువెట్టి ఏసిన."

నెల తిరిగేసరికి ఆయన దగ్గరినుంచి ఉత్తరం వచ్చింది. కొడుకు మొదటి రోజు దగ్గరికి రాలేదట, రెండో రోజు వేలు పట్టుకున్నాడట, మూడో రోజు నుంచి దించితే ఏడుస్తున్నాడట. మెస్సులో అందరికీ చదివి వినిపించాను. గంగారాం రెండోసారి చదవమన్నాడు.

ఇక నా సంగతి. మరో మూడు నెలలకు సెలవు వంతు నాదాకా వచ్చింది. అమ్మకు చీర కొన్నాను, పెట్టె కట్టాను, మేనేజరు దగ్గరికి వెళ్లాను. ఆయన నా కాగితం చూసి నొచ్చుకున్నాడు. వచ్చే చలికాలం పక్క కంపెనీలతో ఆటలున్నాయట, జట్టును ఇప్పటినుంచే తయారు చేయాలట, ఇంతటి క్యాప్టెన్‌ను ఇప్పుడు పంపితే ఎలా అన్నాడు.  "సార్, అది తెలివి కాదు, ఉత్త అజ్ఞానం," అని ఉన్నదున్నట్టు చెప్పేశాను. రూలు చదవలేదనీ, రాజమల్లన్నను చూసి నవ్వాననీ, అన్నీ ఒప్పుకున్నాను.

ఆయన పెద్దగా నవ్వి నా భుజం తట్టాడు. "గొప్పవాళ్లంతా ఇలాగే చెబుతారు," అని, నా సెలవును పది నెలలు వెనక్కి తోసి సంతకం పెట్టాడు.

కాబట్టి అగ్నిసాక్షిగా, ఎడారి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట తప్పు చేస్తే పద్ధతిగా చేస్తాను, శుభ్రంగా ఓడిపోతాను, అందరిచేతా తిట్లు తింటాను. గెలిచే తప్పు మాత్రం ఈ జన్మలో మళ్లీ చేయను.