మూడు గంటలు, ఒక దగ్గు

2019లో నస్పూర్ దగ్గరి ఒక బొగ్గు గనుల శిక్షణ కేంద్రానికి నన్ను అధికారిగా వేశారు. కొత్తగా గనిలో చేరేవాళ్లకు పాఠాలు చెప్పించడం నా పని. అన్నిటికన్నా ముఖ్యమైనది గంటల పాఠం. మనుషుల్ని గనిలోకి దించే లిఫ్టును కేజ్ అంటారు. దాన్ని నడిపే డ్రైవరుకు కేజ్ కనబడదు. గని నోటి దగ్గర నిలబడే బ్యాంక్స్‌మన్ కొట్టే గంటలను బట్టే అతను నడుపుతాడు. మూడు గంటలు కొడితే మనుషులు ఎక్కుతున్నారని అర్థం. గంట తప్పితే ప్రాణాలు పోతాయి.

మా బ్యాంక్స్‌మన్ పోశం ఆ పాఠాలన్నీ చేసి చూపిస్తుంటే నా ఫోన్లో వీడియో తీసి, ఇంటర్నెట్‌లో మా కేంద్రం చానల్‌లో పెట్టాం. కొత్తవాళ్లు ఇంటికి పోయాక కూడా చూసి నేర్చుకునేవాళ్లు. కాపీలు దాచాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. తరవాత నా ఫోన్ గోదావరి పాలైంది. పాఠాలు తీసిన గని మూతపడింది, కేజ్‌ను విప్పేశారు. మళ్లీ తీయడానికి ఏమీ మిగల్లేదు.

అప్పుడు వచ్చింది తంటా. మా వీడియోల్లో తమ పాటలోని శబ్దం ఉందని ఒక మ్యూజిక్ కంపెనీ ఫిర్యాదులు పెట్టింది. రెండు వీడియోలు మాయమయ్యాయి. మూడో ఫిర్యాదు కూడా నిలబడితే చానల్ మొత్తం తీసేస్తామని వెబ్‌సైటువాళ్లు హెచ్చరించారు. నాకు ఒళ్లు మండింది. గని గంట మీద హక్కేమిటి, రేపు కోడికూతను కూడా తమ పేర రాయించుకుంటారా! గనుల నిబంధనల్లో ఉన్న సంకేతాలు ఎవరి సొత్తూ కావని అభ్యంతరం పంపాను. సంకేతాల మాట ఎలా ఉన్నా ఆ శబ్దం తమ స్టూడియోలో తయారైందని వాళ్ల జవాబు.

“గదేంది సార్? గంట కొట్టింది నేనైతే గది ఆళ్లదెట్లయితది?” అని పోశం పరేషాన్ అయిపోయాడు.

ఆ వారమే మంచిర్యాలలో పోశం మేనల్లుడి పెళ్లి. బరాత్ ఊరేగింపుకు నేనూ వెళ్లాను. డీజే బాక్సులు అదిరిపోతున్నాయి. ఉన్నట్టుండి దరువు ఆగి మూడు గంటలు మోగాయి. వెంటనే ఒక దగ్గు. మళ్లీ దరువు. పోశం భార్య రాజవ్వ చప్పట్లు కొడుతున్నదల్లా ఆగిపోయింది.

“ఏందయ్యా, గిది నీ దగ్గే గదా!”

“జర ఊకో. నాదెందుకైతది?”

“రోజు రాత్రి ఇనుకుంట పండేదాన్ని. నాకెరుక లేదా?”

డీజే అబ్బాయిని పాట ఎవరిదని అడిగితే, మా మీద ఫిర్యాదు పెట్టిన కంపెనీదే. అతన్ని బతిమాలి ఆ ముక్క మళ్లీ వేయించాం. “అవ్ సార్, నాదే!” అన్నాడు పోశం. నేను నడిరోడ్డు మీద పగలబడి నవ్వాను.

ఎడిటింగ్ చేతకాక మేం వీడియోలో వదిలేసిన దగ్గు అది. వాళ్లు గంటలతో పాటు దాన్నీ ఎత్తుకుని తాళంలో కలిపేశారు. ఆ పాట రావడానికి ఎంతో ముందే మా వీడియో ఎక్కినట్టు ఆధారం జతచేసి, మీ స్టూడియోలో దగ్గిన మనిషెవరో పేరు చెప్పమని రాశాను. పేరు చెప్పలేదు. ఫిర్యాదులు మాత్రం వెనక్కి తీసుకున్నారు. పోయిన వీడియోలు తిరిగొచ్చాయి. అమ్మయ్య అనుకుని ఆ పూట కడుపునిండా తిన్నాను.

ఫిర్యాదు వస్తే నిబంధనలు వల్లించే ముందు అవతలివాళ్ల సరుకేమిటో వినాలని నాకు అప్పుడే తెలిసింది. అంతవరకు ఆ పాటను నేను ఒక్కసారీ వినలేదు. ఆ తరవాత పాఠాలను వేరువేరు చోట్ల దాయించాను. ఏ కాపీలోనూ దగ్గును తీయనివ్వలేదు.