మిరప సాళ్లలో నేర్చిన ఇంగ్లీషు

ఈ రోజు ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మిరపకోత ముఠా ఆటో మా గేటు ముందు ఆగింది. అందులో విశేషం లేదు, కోతలు మొదలైతే రోజూ వస్తుంది. దిగినవాళ్లలో ఒకామె ఒడి కట్టుకుని కుడిచేతి వేళ్లు రెండుసార్లు ముడిచి తెరిచింది, చలికి కాబోలు. మా వదిన పదో తరగతి పరీక్ష హాల్లో చేసింది అదే. దానికే ఆమెను బయటికి పంపబోయారు.

వదిన అంటే మా అన్న భార్య. పోయిన వానాకాలం జ్వరం వస్తే తన కాళ్ల మీద తనే నడిచి ఆటో ఎక్కి భద్రాచలం దవాఖానాకు వెళ్లింది, తిరిగి రాలేదు. ఆమె గురించి చాలామంది చాలా మంచి మాటలు అన్నారు. నేను ఒక్క ఎండాకాలం గురించే రాస్తాను, అది నాకు బాగా తెలుసు కాబట్టి.

మా ఊరు పర్ణశాలకు పోయే దారిలో ఉంది. వదిన సత్తుపల్లి వైపు నుంచి వచ్చిన కోడలు. పదిలో ఇంగ్లీషు ఒక్కటే మిగిలింది, మూడుసార్లు రాసినా మిగిలింది. ఆ ఏడాది ఊళ్లో అంగన్‌వాడీ టీచరమ్మ దిగిపోతోందని, ఎండలు తగ్గాక పోస్టు పడుతుందని అందరికీ తెలుసు. పది పాసై ఊళ్లోనే కాపురం ఉంటున్న కోడలికే అది ఇస్తారు. ఈసారి తప్పితే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు, మళ్లీ ఇరవై ఏళ్లు లేవరు. నేను ఖమ్మంలో డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చాను. నాకు ఇంగ్లీషు బాగా వచ్చని అప్పుడు ఇప్పటికంటే ఎక్కువ నమ్మకం ఉండేది. కర్తను బట్టి క్రియ ఎట్లా మారుతుందో వారం రోజులు వసారాలో కూర్చోబెట్టి చెప్పాను. ఆమె వారం రోజులూ ఆవలించింది. "పుస్తకం తప్పు కాదు పిల్లా, చేతులు ఊరికే ఉంటే నాకు నిద్రొస్తది" అంది. దాంతో చదువు చేలోకి మారింది.

మా వైపు కోతకు అప్పుడు ఒక పద్ధతి ఉండేది. మనిషికో సాలు. సాలు ముందు అయిపోయినవాళ్లు గట్టెక్కి కూర్చోరు, వెనకబడ్డవాళ్ల సాలుకు అవతలి చివర నుంచి ఎదురు కోసుకుంటూ వస్తారు. ఇద్దరూ ఎక్కడ కలిస్తే అక్కడికి ఆ సాలు అయినట్టు. నేను పక్క సాలులో నిలబడి 'హీ' అనేదాన్ని. వదిన ఒక్క చేత్తో ఒక్క కాయ తెంపి 'పిక్స్' అనేది. 'దే' అంటే రెండు చేతులూ కదలాలి, 'పిక్' అనాలి. మూడో రోజుకి ముఠా అంతా అందుకుంది. ముఠా పెద్ద అడవి గూడెం నుంచి వచ్చే ముసలమ్మ. ఇంట్లో కోయ, చేలో తెలుగు మాట్లాడేది. ఆమె వదిన కంటే ముందు జవాబు చెప్పి, "ఏందమ్మా, నీకు బదులు నేను పోయి రాయాల్నా పరీక్ష?" అనేది. 'ఈచ్ ఆఫ్ ద విమెన్' అన్నా ఒక్క చేత్తో 'పిక్స్' అనే అనాలి, వదినకు ఆ 'ఈచ్' ఒక్కటీ కొరుకుడు పడలేదు. అంతమంది ఆడవాళ్లు ఎదురుగా ఉండగా ఒక్క చెయ్యే ఎందుకని అడిగేది. పుస్తకంలో ఉన్నది చదివి వినిపించాను, లాభం లేకపోయింది. ముసలమ్మే తేల్చింది. "ముఠా ఎంతుంటే ఏంది, సాలుకు మనిషి ఒక్కతే గదా." నా డిగ్రీకి అంతకంటే మంచి వివరణ దొరకలేదు.

పరీక్ష రోజు వదిన సాలు తాము ఎదురు కోస్తామని ముఠా ఆమెను భద్రాచలం బస్సెక్కించింది. హాల్లో జరిగింది ఆమె తిరుగు బస్సులో, తోడు వెళ్లిన నాకు చెప్పింది. తర్వాత ఏటా చెబుతూ ఒక్కో మాట కలిపింది, నేను మొదటిరోజు విన్నదే రాస్తున్నాను. ఖాళీలు పూరించే చోటికి వచ్చేసరికి డెస్కు కింద చేతివేళ్లు వాటంతటవే ముడుచుకుని తెరుచుకున్నాయట. కాపలా సారు చూసి, ఎవరికి సైగ చేస్తున్నావని కాగితం లాక్కున్నాడు. వదిన ఎర్రబారి పగిలిన అరచేతులు రెండూ చూపించి, "కాయ కోస్తున్నానండీ" అంది. హాలంతా నవ్వింది. సారు నవ్వలేదు. వదిన చేలో పద్ధతి మొత్తం చెప్పిందట. ఊళ్లో ఆడోళ్లంతా కోస్తే ఎన్ని చేతులని ఆయన అడిగాడు. రెండూ ఎత్తింది. ఒక్కొక్కరూ కోస్తే అన్నాడు. ఒక చెయ్యి దించి, "సాలుకు ఒక్కరే కదండీ" అంది. ఆయన కాగితం తిరిగి ఇచ్చాడు.

"చేతులు డెస్కు మీద పెట్టి కొయ్యమ్మా. కింద కోస్తే నాకు అనుమానమొస్తది."

వదిన పాసైంది. ఎన్ని మార్కులని అడిగితే సరిపోయినన్ని అనేది. ఆ కుర్చీలో ఆమే కూర్చుంది, పోయేదాకా లేవలేదు. ఆ తర్వాత నేను వెనకబడ్డ చాలా సందర్భాల్లో అవతలి చివర నుంచి ఎదురొచ్చింది కూడా ఆమే. అవి ఇక్కడ రాయను.

ఈ ఉదయం ముఠా వెనక నేనూ చేలోకి వెళ్లాను. ఇప్పుడు కోత తూకం మీద నడుస్తోంది, ఎవరి సంచి వాళ్లది. సాలు ముందు అయినామె గట్టు మీద కూర్చుని ఫోను చూసుకుంది. అందులో తప్పేమీ లేదు, ఆమె పని ఆమె చేసింది. పక్క సాలులో ఒకామె ఇంకా సగంలోనే ఉంది. ఇన్నేళ్లలో ఏం మారిందని ఎవరైనా అడిగితే నాకు తెలిసింది ఇంతే. మా చేలో ఇప్పుడు ఎవరూ ఎదురు కోయరు.