రాజుగారి కంటే ముందు ముద్ద

కొరియాలో గూర్యే ఊరి సంతలో నత్తగుల్లల చారు అమ్మే బోంగిమ్‌కి మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన తాగడు, పేకాడడు, పరాయి ఆడవాళ్ళ వంక చూడడు. చూసినా ఆ కళ్ళజోడుతో ఏమీ కనపడదు. కానీ పెళ్ళయిన మర్నాటి నుంచి ఈ రోజు వరకు ఆవిడ ఏం వండిపెట్టినా ఆయన నోట్లోంచి వచ్చే మాట ఒక్కటే, "తినొచ్చు."

ఆవిడ చారు కోసం పక్క జిల్లాల నుంచి కార్లేసుకుని వచ్చి వానలో గొడుగులు పట్టుకుని నిలబడతారు జనం. తాగి చెమటలు తుడుచుకుంటూ బాగుంది బాగుంది అని కలవరిస్తారు. ఆవిడ మొగుడు పన్‌సొక్ మాత్రం గిన్నె అడుగున నీడ కూడా మిగల్చకుండా నాకేసి, మూతి తుడుచుకుని, "తినొచ్చు" అంటాడు. కడగక్కర్లేని గిన్నెను కడుగుతూ బోంగిమ్ పళ్ళు నూరుకుంటుంది.

ఇదంతా ఆయన రక్తంలో ఉన్న జబ్బు. పన్‌సొక్ చేసేది గొడుగులు, తాళాలు బాగుచేసే పని. ఇంటిపేరు మాత్రం యీ. అందులోనూ జొంజు యీ. అంటే ఒకప్పుడు దేశాన్నేలిన వంశం. ఆ ఇంటిపేరు వాళ్ళు సంతలో రాయి విసిరితే ముగ్గురికి తగిలేంత మంది ఉన్నారు గానీ, ఎవరికి వాళ్ళు రాకుమారులే. పన్‌సొక్ తాళంచెవి అరగదీసేటప్పుడు కూడా సింహాసనం మీద కూర్చున్నట్టు వీపు నిటారుగా పెడతాడు. మా తాతల ముందు పన్నెండు గిన్నెలు పెట్టేవాళ్ళు అని రోజూ అంటాడు. మీ తాతను నేనూ చూశాను, ఆయన ముందు పెట్టింది ఒకటే గిన్నె, అదీ మీ నాన్నమ్మ విసిరేసేది అని రోజూ ఆవిడ అంటుంది.

అలాంటి ఇంట్లో పిడుగు పడింది. సంత వ్యాపారుల సంఘం తీసిన లాటరీలో బోంగిమ్ ఆశపడిన అన్నం కుక్కర్ చేపలవాడికి పోయి, ఈ ఇంటికి రెండో బహుమతి వచ్చింది. సియోల్‌లో ఇద్దరికి రాజభోజనం, రాజవస్త్రాలతో సహా. పన్‌సొక్ ఆ రోజు కొట్టు కట్టేసి క్షవరం చేయించుకున్నాడు. పూయలేదు గానీ, తలకి నూనె కూడా పూసుంటే సియోల్ దాకా మెరిసేవాడు.

బోంగిమ్‌కి మాత్రం గుండెల్లో రాయి పడింది. పక్క కొట్లో బియ్యపు పిండి వంటలమ్మే పిల్‌న్యో దగ్గర ఆ మాట పైకే అనేసింది. "అక్కడ మొదటి ముద్దకే బాగుంది అన్నాడనుకో అక్కా, నా ఇంట్లో ఇక పొయ్యి వెలగదు. తాళంచెవులు ఉడకబెట్టుకు తినమను."

"వాడి నోట్లో ఆ మాట లేదే పిచ్చిదానా," అంది పిల్‌న్యో. "నీ వంటకి వాడు బాగుంది అన్న రోజున నేను ఈ సంత నడిబొడ్డున నాట్యం చేస్తా." పిల్‌న్యో మోకాళ్ళు రెండూ పాడై చాలా ఏళ్ళయింది. ఆ ధైర్యంతోనే అంది.

సియోల్‌లో ఆ భోజనశాల పాత పెంకుటిల్లు. గుమ్మంలోనే హారిమ్ అనే అమ్మాయి అంతఃపుర పరిచారిక వేషంలో ఎదురొచ్చి, పన్‌సొక్‌కి ఛాతీ మీద బంగారు నాగుపాములాంటి డ్రాగన్ ఉన్న ఎర్ర అంగీ తొడిగింది. తల మీద వెనక రెక్కలున్న నల్ల టోపీ పెట్టింది. అద్దంలో చూసుకుని పన్‌సొక్ టోపీ సరిచేసుకున్నాడు. గొంతు సవరించుకుని, పోలికలు దాగవు అన్నాడు.

ఆ గొప్ప లోపలికి అడుగుపెట్టేదాకే. గదిలో అప్పటికే ముగ్గురు రాజులు కూర్చుని ఉన్నారు. అదే అంగీ, అదే టోపీ. పక్క బల్ల దగ్గరి రాజు తెగు నగరం నుంచి వచ్చిన టైర్ల వ్యాపారి, ఇంటిపేరు కిమ్. అది తెలిసేసరికి పన్‌సొక్ ముఖం అంగీ రంగులోకి తిరిగింది. కిమ్‌గాడికి ఈ బట్టలు ఎవరిచ్చారని భార్య చెవిలో బుసకొట్టాడు. డబ్బిస్తే ఎవరికైనా ఇస్తారని ఆవిడ తేల్చేసింది.

హారిమ్ బోంగిమ్‌ని రాజుగారి పక్కన కూర్చోబెట్టి ఆవిడ వేషం ఏమిటో చెప్పింది. రాజు ముద్ద ముట్టే ముందు విషం ఉందేమోనని రుచి చూసే పెద్ద పరిచారిక. ప్రతి గిన్నెలోంచీ ముందు ఆవిడ తినాలి. ఆవిడ తల ఊపేదాకా రాజైనా చెంచా ఎత్తడానికి లేదు.

"ముందు నేనా?" అంది బోంగిమ్.

"ముందు మీరేనమ్మా. ఆయన ఆగాలి."

పెళ్ళయినప్పటి నుంచి అందరూ తిన్నాక, వంటింట్లో నిలబడి, మూకుడు అంచున మిగిలింది తిన్న మనిషి బోంగిమ్. ఆవిడ వెండి చెంచా అందుకున్న తీరు చూస్తే పన్‌సొక్‌కి అక్కడే భయం వెయ్యాల్సింది.

మొదట పాలతో కాచిన జావ వచ్చింది. బోంగిమ్ ఒక చెంచా తిని కళ్ళు మూసుకుంది. తెరిచి, ఇంకో చెంచా తింది. అనుమానంగా ఉందంటూ సగం గిన్నె లాగించింది. విషం తగిలితే వెండి నల్లబడుతుందంటారు, చెంచా నల్లబడిందేమోనని కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తొమ్మిది అరల పళ్ళెం వచ్చింది. మధ్యలో పల్చటి దోసెలు, చుట్టూ దారాల్లా తరిగిన కూరలు, పుట్టగొడుగులు, మాంసం. ఒక్కో అరలో ఒక్కో విషం ఉండొచ్చని ఆవిడ అన్నీ విడివిడిగా చుట్టుకు తింది. తర్వాత అన్నీ కలిపి చుట్టుకుని తింది. విడిగా మంచివైనవి కలిస్తే కీడు చెయ్యొచ్చట, ఈ ఇంటిపేరు వాళ్ళలాగే. మధ్యలో బొగ్గుల గొట్టం ఉన్న కుండ కుతకుతమంటూ వచ్చి సరిగ్గా పన్‌సొక్ ముక్కు కింద ఆగింది. రాజుగారి కడుపు గుర్రుమన్న చప్పుడు నాలుగు రాజ్యాలకీ వినపడింది.

"ఇంక చాల్లేవే," అన్నాడు పన్‌సొక్ పెదాలు కదపకుండా.

"విషం నెమ్మదిగా ఎక్కుతుంది ప్రభూ. నేను పడిపోతానేమో కాస్త ఆగి చూడండి."

"నువ్వు పడేలోపు నేను పడేట్టున్నాను."

పక్క బల్ల దగ్గర కిమ్ రాణి ఇది చూసి, తన రాజు చేతిలోని చెంచా లాక్కుంది. గది చివర నుంచి ఇంకో రాజు ఇది అన్యాయమన్నాడు.

ఎట్టకేలకు బోంగిమ్ తల ఊపింది. పన్‌సొక్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. బోంగిమ్ ఆయన నోటి వంకే చూసింది. అంత మంచి వంట ఆవిడ జన్మలో తినలేదు, ఆ సంగతి ఆవిడ నాలుక ఒప్పేసుకుంది కూడా. ఇప్పుడు ఈ మనిషి బాగుంది అంటే చేసేదేమీ లేదు.

పన్‌సొక్ నమిలాడు. ఇంకో గిన్నెలోంచి తీసి నమిలాడు. తాతల భోజనం అంటే ఉరుములు మెరుపులు ఉంటాయనుకున్నాడు పాపం. ఇక్కడ అన్నీ సున్నితం, అన్నీ మెత్తన, ముల్లంగి కిమ్చీ పచ్చడి కూడా మల్లెపువ్వులా తెల్లగా ఉంది. నత్తల చారులో పచ్చిమిరపకాయలు కొరుక్కునే నోటికి అది మబ్బు నమిలినట్టుంది. బాగాలేదంటే తాతలకి అవమానం. బాగుందందామంటే నోరు తిరగలేదు.

"ఎలా ఉంది ప్రభూ?" అని హారిమ్ అడిగింది.

"తినొచ్చు," అన్నాడు పన్‌సొక్.

బోంగిమ్‌కి లేచి గంతులెయ్యాలనిపించింది. రాజుగారి వంటమనిషీ తానూ ఒకే మెట్టు మీద నిలబడ్డారు. ఇంతలో పన్‌సొక్ ఆవిడ వైపు ఒరిగాడు. టోపీ రెక్క ఆవిడ చెవిలో గుచ్చుకుంది.

"ఏమే. సంచీలో ఉందా?"

"ఏది ప్రభూ?"

"అదే."

ఉంది. ఇల్లు కదిలితే చాలు, డాబా మీద జాడీల్లో తాను ఊరబెట్టిన ఎర్రమిరప ముద్ద ఒక పాత కాఫీ సీసాలో పోసి, పాత మేజోడులో దూర్చి తెచ్చుకోవడం ఆవిడ అలవాటు. సీసా బల్ల మీదకి వచ్చింది. మూత తీసేసరికి ఆ ఘాటుకు గదిలోని రాజులందరూ తలలు తిప్పారు. పన్‌సొక్ గిన్నె చాపాడు. దీన్ని కూడా రుచి చూడాలి కదా అని బోంగిమ్ చెంచా కొసతో నాకి, తల ఊపకుండా, తీరిగ్గా పైకప్పు దూలాలు లెక్కపెడుతున్నట్టు కూర్చుంది.

అంతలో కిమ్ రాజు గిన్నెతో సహా మోకాళ్ళ మీద జరుగుతూ వచ్చేశాడు. "అక్కా, నాకూ ఓ చెంచా వెయ్యవా, పుణ్యముంటుంది." ఆవిడ వేసింది. అతను తిని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, గదంతా వినపడేలా అన్నాడు, "అబ్బ, ఎంత బాగుంది."

పన్‌సొక్ రక్తంలో ఉన్న రాజులందరూ ఒక్కసారిగా లేచారు. తన పెళ్ళాం చేసిన దాన్ని ఒక కిమ్ తనకంటే ముందు మెచ్చుకోవడమా. సీసా లాక్కుని, తెల్లన్నం మీద ముద్ద వేసి, ఆ పైన వేపిన మాంసం, తొమ్మిది అరల్లోని కూరలు, దోసెలు కూడా చించి పడేసి, వెండి చెంచాతో మేస్త్రీ సిమెంటు కలిపినట్టు కలిపాడు. వంటింట్లో ఎన్నో చేతులు పొద్దుటి నుంచి దారాల్లా తరిగిన కూరలవి. పన్‌సొక్ ఓ పెద్ద ముద్ద మింగాడు. ముక్కు కారింది. చెవులు ఎర్రబడ్డాయి. వీపు నిటారుగా పెట్టి, హారిమ్ వైపు తిరిగాడు.

"ఆజ్ఞ," అన్నాడు. "ఇది బాగుంది. చాలా బాగుంది."

బోంగిమ్ అటు తిరిగి బొగ్గుల పొగ కళ్ళలో పడిందని కళ్ళు తుడుచుకుంది. కుండ కింద బొగ్గులు ఆరిపోయి చాలాసేపయింది.

ఊరికి తిరిగొచ్చాక సంత రోజు పొద్దున్నే పిల్‌న్యో పంచాయితీ పెట్టింది. అన్నది రాజు, పన్‌సొక్ కాదు, కాబట్టి తన నాట్యం పందెం చెల్లదంది. చేపలవాడు, కూరగాయలవాళ్ళు చుట్టూ మూగారు. పన్‌సొక్ తన మామూలు చొక్కాలో చారు గిన్నె ముందు కూర్చుని ఉన్నాడు. అన్నావా లేదా అని అందరూ నిలదీశారు. ఆయన వీపు నిటారుగా పెట్టాడు.

"నేను అనలేదు," అన్నాడు. "రాజుగారు అన్నారు. రాజాజ్ఞ వెనక్కి తియ్యడానికి నేనెవర్ని?"

సంత గొల్లుమంది. పిల్‌న్యో శాపనార్థాలు పెడుతూ, కూరగాయల బండి పట్టుకుని, పాడైన మోకాళ్ళతోనే చేతులూపుతూ నాట్యం మొదలెట్టింది. చేపలవాడు కొత్త కుక్కర్ గిన్నె మీద గరిటెతో దరువేశాడు.

పన్‌సొక్ నవ్వాపుకుంటూ చారు గిన్నె వైపు చెయ్యి చాపి, మధ్యలో ఆగాడు. బోంగిమ్ ఇంకా చెంచా ఎత్తలేదు. ఆవిడ కూర్చుని, వంగి, ఆయన గిన్నెలోంచి ఒక చెంచా తీసుకుని తాగింది. తర్వాత ఇంకోటి. తల మాత్రం ఊపలేదు.