పెట్టె పాడింది, మేం నోరు తెరిచాం

ఆ రోజుల్లో ఇంట్లోకి కొత్త వస్తువేది వచ్చినా ముందు దానికి కుంకుమ బొట్టు పెట్టి, ఆ తర్వాతే అది దేనికి పనికొస్తుందో కనుక్కునేవాళ్లం. గుడియాత్తంలో మగ్గాల మధ్య ఉండే మా వీధికి విదేశీ సరుకు అప్పుడప్పుడే దిగుతోంది. పెళ్లిళ్లలో పాటకచేరీలు నడిపే మా మామ (అమ్మకు తమ్ముడు) ఒకరోజు చెన్నై నుంచి ఒక నల్లటి పెట్టెను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. పలకలా పల్చగా ఉంది. ముందువైపు చిన్న అద్దంలో పచ్చటి అక్షరాలు మెరుస్తున్నాయి.

"వీడియో పెట్టెనా నాయనా?" అంది అమ్మ, బొట్టు పెడుతూ.

"సింథసైజరక్కా. నా కీబోర్డు వైరు దీనికి తగిలిస్తే చాలు. లోపల అందరూ ఉండారు" అన్నాడు మామ.

నిజంగానే ఉన్నారు. ఒక్కో అంకె మారుస్తుంటే వేణువు, వయొలిన్ల గుంపు, డ్రమ్ములు వరసగా పలికాయి. మేమంతా మురిసిపోతుండగా, ఒక అంకె దగ్గర పెట్టెలోంచి ఆడవాళ్ల గుంపు "ఆ..." అని అందుకుంది. మామ కచేరీల్లో పాట వెనక "ఆ..." అనేది నేనూ, మా పెద్దమ్మ కూతురు అక్కా. (మా సంగీత పాండిత్యమంతా ఆ ఒక్క అక్షరమే.) ఊరికే ఓడిపోతానా? పెట్టెతో పోటీకి దిగాను. కాసేపటికి నాకు కళ్లు బైర్లు కమ్మాయి. దానికి దగ్గు కూడా రాలేదు.

"ఇంగ మీరు పాడే పన్లే. ఆడబిడ్డలు లేకపోతే స్టేజీ బోసిగా ఉంటాది గదా, సుమ్మా, ఊరికే నోరు తెరిచి నిలబడుండండి" అని తేల్చేశాడు మామ.

వేలూరులో పెళ్లి. పట్టు పరికిణీలు కట్టుకుని, మైకుల ముందు నిలబడి, పెట్టె పాడినప్పుడల్లా నోళ్లు తెరిచాం. ఈగ దూరుతుందేమోనన్న భయం తప్ప శ్రమేమీ లేదు. ముందు వరసలో అమ్మ పక్కవాళ్లకు నన్ను చూపించి మురుస్తోంది. ఆఖరి పాటలో మామకు ఊపొచ్చింది. డ్రమ్ములు, వయొలిన్లు, వేణువు అన్నీ ఒక్కసారే మోగించాడు. పెట్టె ఒకేసారి కొన్ని స్వరాలే పలకగలదట, అంతకు మించితే పాతవాటిని చప్పుడు లేకుండా వదిలేస్తుందట. అది తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా, "ఆ..." ఆగిపోయింది, మా నోళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి! అక్క చటుక్కున మూసేసింది. నేను అమ్మ వైపు చూశాను. ఆమె వేలు ఇంకా నా మీదే ఉంది. ఏమైతే అయిందని పాడేశాను. కొంచెం ముక్కుతో, కొంచెం పక్కకు, కానీ నా గొంతుతోనే. అక్క కూడా కలిసింది. మామ అదిరిపడి చూసి, మెల్లగా తలూపాడు.

"పెట్టెకు గొంతులు చాల్లేదు పాపా. వయొలిన్లు అది చూసుకుంటాది, 'ఆ' మాత్రం మీరే చూసుకోండి" అన్నాడు తిరుగు బస్సులో. నేను గర్వంతో ఉబ్బిపోతుండగా అమ్మ నా వైపు వంగింది.

"బాగానే పాడినావు గానీ, కడసి పాటలో గొంతు యాడ బోయిందే నీకు? మొదట్లో ఎంత బాగుండె!"

మామ కిటికీ వైపు తిరిగి భుజాలు ఊగేలా నవ్వాడు. ఇప్పటికీ చుట్టాలొస్తే అమ్మ, "చిన్నప్పుడు దీని గొంతు తేనె" అంటుంది. ఆమె మనవరాళ్లు నన్ను కొత్తగా చూస్తారు. నేను తల వంచుకుని, ఎవరో ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లకు దక్కాల్సిన ఆ మెప్పును వినయంగా అందుకుంటూ ఉంటాను.