మిర్చి యార్డులో, దగ్గని మనుషుల మధ్య

ఆవకాయలోకి కారం కొట్టించాలంటే మిరపకాయలు పండిన చోటికే వెళ్ళి కొనాలని మా అత్తగారి పట్టుదల. విశాఖపట్నంలో మా వీధి చివర దొరికేవి ఆవిడ దృష్టిలో మిరపకాయలే కావు, రంగు కాగితాలు. ఆవిడ పుట్టింది ఒంగోలు పక్క పల్లెలో, పెరిగింది మిరప కల్లాల్లో. అందుకని రెండేళ్ళ క్రితం ఏప్రిల్లో, సింగరాయకొండ దగ్గర సముద్రం చూడ్డానికని బయల్దేరిన మా కుటుంబ విహారం కాస్తా దారిలో ఉన్న మార్కెట్లన్నీ తిరిగే యాత్ర అయింది. మావారు ఎప్పటిలాగే వాళ్ళమ్మ చెప్పిన చోటికల్లా సరేనన్నారు. ఆరేళ్ళ మా అమ్మాయి పండుకి మాత్రం సాయంత్రానికి సముద్రం కనిపిస్తే చాలు.

తాడేపల్లిలో ఆడపడుచు ఇంట్లో దిగి, మర్నాడు తెల్లవారగానే అద్దె కారెక్కాం. రోజుకి పన్నెండొందలు, డీజిలు మనదే. పెదకాకానిలో ఆగి ఇడ్లీ తిన్నా గంట తిరక్కుండానే గుంటూరు చేరిపోతాం. ముందు రైతు బజారుకి వెళ్ళండి. ఆలస్యమైతే లేత బెండకాయలు అయిపోతాయి. అక్కడ ధరలు బోర్డు మీద రాసే ఉంటాయి, అయినా అత్తగారు ప్రతి కొట్టు దగ్గరా బేరమాడారు. గోంగూర అమ్మే ఆవిడ విసిగిపోయి, "మీరే రాసుకోండి పెద్దమ్మా బోర్డు మీద" అంది. అంతవరకు నవ్వుకుంటూనే తిరిగాం.

తొమ్మిది దాటాక మిర్చి యార్డు గేటు ముందు కారాపి, డ్రైవరు మస్తాన్ వెనక్కి తిరిగాడు. "గుడ్డ కట్టుకోకుండా లోపలికి పోబాకండమ్మా. పాపక్కూడా కట్టండి. అలవాటు లేనోళ్ళకి ఒకటే దగ్గు." గేటు దగ్గర ఎర్ర గళ్ళ తువ్వాళ్ళు అమ్ముతున్నారు, ఒక్కోటి ఇరవై. మూడు కొన్నాం. అత్తగారు మాత్రం, "నాకెందుకే, నేను ఈ ఘాటులో పుట్టినదాన్ని" అని ముందు నడిచారు.

లోపల రేకుల షెడ్ల కింద బస్తాలు మనిషెత్తుకి పైనే పేర్చి ఉన్నాయి. వాటి మధ్య సందుల్లో వెలుగు కూడా ఎర్రగా ఉంది. ఎటు చూసినా మా తువ్వాళ్ళలాంటి ఎర్ర గళ్ళ గుడ్డలే, వాటి పైన కళ్ళు మాత్రమే. మొహం ఒక్కటీ లేదు. అంతమందిలో ఒక్కరూ దగ్గడం లేదు. నేను, పండు మాత్రం ఆగకుండా దగ్గుతున్నాం. పండుకి అదో ఆటైపోయింది. నేను ఒకసారి దగ్గితే తను ఒకసారి, నేను రెండుసార్లయితే తను రెండుసార్లు.

అత్తగారికి తెలిసిన కమిషన్ కొట్టాయన చిల్లరగా పది కిలోలు ఇస్తానన్నాడు. ఆవిడ ఒక కాయ విరిచి గింజలు చూపిస్తుంటే వంగి చూశాను. లేచేసరికి నా పక్కన పండు లేదు.

మావారు గేటు వైపు పరిగెత్తారు. నేను సందుల్లో పడ్డాను. తువ్వాలు చుట్టుకుని అటు తిరిగి కూర్చున్న చిన్న ఆకారం కనిపిస్తే భుజం పట్టుకుని తిప్పాను. కాయలు ఏరుకుంటున్న ఒక ముసలావిడ. చిన్నపిల్లంత మనిషి. నా వంక రెప్ప వేయకుండా చూసి మళ్ళీ పనిలో పడింది. "పండూ" అని అరుస్తుంటే నా గొంతు గుడ్డలోనే ఉండిపోతోంది. పాపం, కూలీలు కూడా అందుకున్నారు. "పండూ, ఓ పండూ" అని ఆ బస్తాల వెనక నుంచి, పైనుంచి, కనపడని గొంతులన్నీ నా కూతురి పేరు పిలుస్తున్నాయి. సాయానికే అని తెలిసినా నా ఒళ్ళు జలదరించింది. ఆ పసిదానికి ఎలా ఉంటుందో అప్పుడు తట్టలేదు.

తట్టింది అత్తగారికి. "అందరూ కాసేపు ఊరుకోండయ్యా, బిడ్డ జడుసుకుంటది" అని గట్టిగా అరిచారు. షెడ్డంతా సద్దుమణిగింది. ఆవిడ నా మొహం మీది తువ్వాలు లాగేశారు. "దగ్గు" అన్నారు. నాకర్థం కాలేదు. "మా కల్లంలో కొత్తకోడలు ఎక్కడుందో దగ్గును బట్టే చెప్పేవాళ్ళం. ఇక్కడోళ్ళెవరూ దగ్గరు. వాళ్ళమ్మ దగ్గు దానికి తెలుసు. దగ్గవే."

దగ్గు రాలేదు. అది తల్చుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. ఎప్పుడు ఆగిపోయిందో తెలీదు, కానీ నేనూ ఆ దగ్గని మనుషుల్లో కలిసిపోయాను. అత్తగారు ఇంకేం మాట్లాడకుండా చేతిలోని కాయని నలిపి నా ముక్కు కింద పెట్టారు. కళ్ళు బైర్లు కమ్మాయి. ఊపిరాడనంత దగ్గు తన్నుకొచ్చింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఆగి చెవులు రిక్కించాను.

రెండు వరసల అవతల, బస్తాల మధ్య నుంచి చిన్న దగ్గు వినిపించింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

మనిషి పట్టని సందులో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. బయటికి లాగి గుండెకి హత్తుకుంటే గడగడా వణుకుతోంది. నాలాగే నీలం చీర కట్టుకున్న ఎవరి వెనకో నేననుకుని నడిచిందట. "ఎలా తెలిసిందే నేను కాదని" అని అడిగాను. "నేను ఎన్నిసార్లు దగ్గినా ఆ అమ్మ దగ్గలేదు" అంది. అక్కడే కూలబడి ఏడ్చాను. ఆవకాయ విషయంలో పదేళ్ళుగా అత్తగారితో నాకున్న గొడవలన్నీ ఆ ఏడుపులో కొట్టుకుపోయాయి. ఆవిడ మాత్రం పది కిలోలూ తూకం వేయించాకే కదిలారు.

ఒంగోలు మీదుగా సింగరాయకొండ మూడు గంటల పైనే పట్టింది. దారికి రెండువైపులా పత్తి తీసేసిన చేలు, ఎర్రగా ఆరబోసిన కల్లాలు, మిట్టమధ్యాహ్నం ఎక్కడా మనిషి అలికిడి లేదు. అంత అందమైన నేలని నేను కిటికీ అద్దం ఎత్తేసి చూశాను. సముద్రం చూసి పండు కేరింతలు కొట్టింది, ఆ రోజు సంగతి మర్చిపోయిందనే అనుకున్నాను. కానీ ఇప్పటికీ ఇంట్లో కరెంటు పోతే, చీకట్లో నేను పలికినా సరే, తను ఉన్నచోటు నుంచి కదలదు. "అమ్మా, ఒకసారి దగ్గు" అంటుంది. దగ్గుతాను. అప్పుడు వస్తుంది.

యార్డుకి తప్పకుండా వెళ్ళండి, అలాంటి కాయ ఇంకెక్కడా దొరకదు. తువ్వాళ్ళు మాత్రం గేటు దగ్గర కొనకండి. ఇంటి నుంచే తీసుకెళ్ళండి, మీ పిల్లలు దూరం నుంచి కూడా గుర్తుపట్టే రంగువి.