మా బావ రెండో దారి

మా అక్క మొగుడు రెండు లేనిదే అడుగు వేయడు. జేబులో రెండు కలాలు, సంచిలో రెండు గొడుగులు, తలగడ పక్కన రెండు అలారాలు. పెళ్లికి కూడా, ఒకటి దారిలో ఆగిపోతుందేమోనని రెండు కార్లు మాట్లాడాడు. రెండూ బాగానే నడిచాయి. రెండో కారులో డ్రైవరు ఒక్కడే పెళ్లికొడుకులా దిగాడు.

ఆయన చేసే పని అలాంటిది. ఓ పెద్ద ఆసుపత్రిలో రోగుల ఎక్స్‌రేలు, స్కానులు, రిపోర్టులు అన్నీ దాచే డిస్కుల బీరువా ఆయన చేతిలో ఉంటుంది. ఆ బీరువాకీ సర్వర్లకీ మధ్య ఒక్క కేబులే ఉంటే, అది పాడైన రోజు డాక్టర్లంతా గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. అందుకే ప్రతి సర్వర్‌కీ రెండు కార్డులు, రెండు కేబుళ్లు, మధ్యలో రెండు స్విచ్‌లు, బీరువాకి రెండు కంట్రోలర్లు. ఒక దారి మూసుకుపోతే సమాచారం రెండో దారిన వచ్చేస్తుంది. స్కాను చూస్తున్న డాక్టరుకి ఏం జరిగిందో కూడా తెలియదు.

రెండో దారి ఎప్పుడో చచ్చి పడున్నా కూడా ఎవరికీ తెలియదు. అందుకని బావ ప్రతి శుక్రవారం పనిగట్టుకుని, బాగున్న కేబుల్ ఒకటి పీకేస్తాడు. బాగున్నదాన్ని ఎందుకు కెలుకుతావని ఆఫీసరు విసుక్కుంటే, నా వైపు తిరిగి ఉపన్యాసం ఇస్తాడు. నేను అదే ఆసుపత్రిలో మందుల స్టోరులో ఉంటాను, దొరికిపోతాను.

"వాడని దారిని నమ్ముకుంటే కొంప మునుగుతుందోయ్ బావమరిదీ!"

ఇంట్లో మాత్రం మొదటి దారి మా అక్క. పాపను బడికి దించడం, తీసుకురావడం అంతా ఆవిడే. "నువ్వు వెళ్లలేని రోజు నేనున్నాగా," అనేవాడు బావ. అలాంటి రోజు అక్క రానివ్వలేదు. జ్వరంతో మూలుగుతూ కూడా వెళ్లేది.

ఓ రోజు మెట్ల మీద జారి అక్క కాలు బెణికింది. ఎక్స్‌రే తీయించుకోడానికి వెళ్తూ బావకి ఫోన్ చేసి పాపను తెమ్మంది. ఒకరికి ఇద్దరుంటే మంచిదని బావ నన్నూ వెంటేసుకున్నాడు. బడి ముందు గేటు మూసి ఉంది. చిన్నపిల్లల్ని వెనక గేటు నుంచి పంపుతారట. చుట్టూ తిరిగి వెళ్లేసరికి పిల్లలంతా వెళ్లిపోయారు. పాప ఒక్కతే బ్యాగు ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చుంది.

"మీరెవరు సార్?" అన్నాడు వాచ్‌మన్, తాళం తీయకుండా.

"వాళ్ల నాన్నని."

"పాప ఏ క్లాసు?"

బావ ఆలోచించాడు. "రెండు."

"మూడు," అంది పాప లోపల్నుంచి.

"రోజూ వచ్చే అమ్మగారు నాకు తెలుసు. మిమ్మల్నెప్పుడూ చూళ్లేదే! నాన్నని అన్నవాళ్లందరికీ పిల్లల్ని ఇచ్చేస్తానా?"

బావ రెండు గుర్తింపు కార్డులు తీసి చూపించాడు. వాటిలో పాప పేరు లేదు. అక్కకి రెండు ఫోన్ల నుంచీ చేశాడు. ఎక్స్‌రే గదిలో ఉందో ఏమో, ఎత్తలేదు.

చివరికి వాచ్‌మన్ పాపనే అడిగాడు. "ఈయన మీ నాన్నేనా అమ్మా?"

"నాన్నే. కానీ నాన్న రాడుగా," అంది పాప.

ఇంకెప్పుడైనా అయితే పగలబడి నవ్వేవాణ్ణి. ఆ క్షణాన బావ మొహం చూస్తే జాలేసింది. అక్క తిరిగి ఫోన్ చేసేదాకా వాచ్‌మన్ తాళం తీయలేదు. మేం గేటు బయటే నిలబడ్డాం.

అక్క కాలు ఎప్పుడో నయమైంది. అయినా శుక్రవారం సాయంత్రం మాత్రం ఇంట్లోంచి కదలదు. "కేబుల్ పీకేశాను," అంటూ దర్జాగా కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. బడి గంట కొట్టకముందే బావ వెనక గేటు దగ్గర ఉంటాడు.

మొన్న నేనూ వెళ్లాను. వాచ్‌మన్ ఏమీ అడగకుండానే తాళం తీశాడు. పాప బ్యాగు బావ చేతికిచ్చి, మొహంలోకి చూసింది.

"అమ్మ బాగానే ఉంది కదా, మరి నువ్వెందుకొచ్చావ్?"

బావ నా వైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను. అన్నీ రెండేసి దాచుకునే మనిషి, ఆ ఒక్క బ్యాగునీ రెండు చేతులా పట్టుకుని పాప వెనకే నడిచాడు.